క్రిమినల్ జస్టిస్ చదువు: గేటు ఎక్కడుందో ముందు చూసుకోండి

(కాలిఫోర్నియాలో తెలుగు విద్యార్థులు, తల్లిదండ్రుల కోసం ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, మొదటి వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇక్కడున్న పిల్లల్లో కొందరు ఇప్పటికే కమ్యూనిటీ కాలేజీలో చదువుతున్నారు, కొందరు వచ్చే ఆగస్టులో చేరబోతున్నారు. పోలీసు, ఫోరెన్సిక్స్, కోర్టు, ప్రొబేషన్... ఇలా ఏదో ఒక దారిలో వెళ్ళాలని వాళ్ళకుంది. సాఫ్ట్‌వేర్ అంటే మన ఇళ్ళల్లో మేనమామ దగ్గర్నుంచి పక్కింటి అంకుల్ దాకా అందరూ సలహా చెప్తారు. దీనికి చెప్పేవాళ్ళు లేరు. అందుకే చాలామంది తల్లిదండ్రులు ముందే వద్దనేస్తారు. పిల్లలు ఊరుకుంటే సరే, లేదంటే ఎవర్నీ అడక్కుండా తోచిన కోర్సుల్లో చేరిపోతారు. రెండింటివల్లా నష్టమే.

అసలు సంగతి మొదటే చెప్పేస్తాను. ఈ రంగంలో డిగ్రీ ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. ఒక్కో ఉద్యోగానికి ఒక్కో గేటుంటుంది. పోలీసుకి అది బ్యాక్‌గ్రౌండ్ పరిశీలన. క్రైమ్ ల్యాబుకి కెమిస్ట్రీ. కోర్టులో మాట్లాడే ప్రతి మాటా రాసుకునే కోర్టు రిపోర్టర్‌కి చేతి వేగం. ఏ ఉద్యోగం కావాలో ముందు తేల్చుకుని, దాని గేటు ఎక్కడుందో చూసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ కాలేజీ మొదటి సెమిస్టర్ దాకా రావాలి. మనవాళ్ళు తరచూ దీన్ని తిరగేసి చేస్తారు. ముందు కోర్సులో చేరిపోతారు, రెండేళ్ళయ్యాక "ఇప్పుడేం ఉద్యోగాలున్నాయి?" అని అడుగుతారు.

ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ పద్ధతి వేరు. పోలీసు నియామక మండలి రాష్ట్రం మొత్తానికీ ఒక నోటిఫికేషన్ ఇస్తుంది. కానిస్టేబుల్‌కి ఇంటర్, ఎస్సైకి డిగ్రీ. ప్రిలిమ్స్, ఈవెంట్స్, ఫైనల్ రాత పరీక్ష, మెరిట్ లిస్టు. మార్కులొస్తే చాలావరకు పని అయిపోయినట్టే, వెరిఫికేషన్ చివర్లో ఉంటుంది. అమెరికాలో దాదాపు 18,000 పోలీసు సంస్థలున్నాయి. ఊరి పోలీసు, కౌంటీ షెరిఫ్, యూనివర్సిటీ పోలీసు, రాష్ట్ర సంస్థలు, ఎవరి నియామకం వాళ్ళదే. ఏడాది పొడుగునా దరఖాస్తులు తీసుకునేవాళ్ళూ ఉన్నారు. ఇక్కడ మెరిట్ లిస్టులో పైన ఉన్నా, బ్యాక్‌గ్రౌండ్‌లో తేడా వస్తే అక్కడితో ఆగిపోతుంది. ఈ ఒక్క తేడా అర్థమైతే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

ముందు కాలేజీ సంగతి. కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. రాష్ట్ర నివాసులకు ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు. 60 యూనిట్ల డిగ్రీకి 2,760 డాలర్లు, పుస్తకాలు, హెల్త్ ఫీజు, పార్కింగ్ అదనం. నివాసులు కానివాళ్ళకు దానికి ఎన్నో రెట్లవుతుంది. నివాసిగా లెక్కలోకి రావాలంటే సెమిస్టర్ మొదలయ్యే ముందు ఏడాదీ ఒక రోజూ ఇక్కడ ఉండాలి, ఇక్కడే స్థిరపడే ఉద్దేశం ఉందని కాగితాల మీద చూపించాలి. నివాసి అయ్యుండి, మొదటిసారి కాలేజీలో చేరి, ఫుల్ టైమ్, అంటే 12 యూనిట్లు తీసుకునే విద్యార్థికి రెండేళ్ళ వరకు ఆ 46 డాలర్లు కూడా మాఫీ చేసే ప్రామిస్ పథకం చాలా కాలేజీల్లో ఉంది. అడగండి.

ఈ సబ్జెక్టుని ఇక్కడి చాలా కాలేజీలు క్రిమినల్ జస్టిస్ అనవు, అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ జస్టిస్ అంటాయి. పిల్లలందరూ ఏజే అంటారు. ఇందులో డిగ్రీలు రెండు రకాలు, పేర్లు చూస్తే ఒకేలా ఉంటాయి. ఒకటి కాలేజీ సొంతంగా ఇచ్చే మామూలు అసోసియేట్ డిగ్రీ. రెండోది ట్రాన్స్‌ఫర్ కోసం, అంటే నాలుగేళ్ళ యూనివర్సిటీకి మారడం కోసం రూపొందించిన డిగ్రీ, పేరు చివర "ఫర్ ట్రాన్స్‌ఫర్" అని ఉంటుంది. 2010లో వచ్చిన చట్టంతో మొదలైంది. ఇది 60 యూనిట్లతో, కనీసం 2.0 జీపీఏతో పూర్తి చేస్తే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో సీటు ఖాయం. అదే సబ్జెక్టుకి దగ్గరి కోర్సులో చేరితే మరో 60 యూనిట్లలో బ్యాచిలర్స్ పూర్తవుతుంది. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. సీటు ఖాయమన్నది వ్యవస్థలో, మీరు కోరుకున్న క్యాంపస్‌లో కాదు. శాన్ హోసే స్టేట్‌లోనో లాంగ్ బీచ్‌లోనో సీటు కావాలంటే ఆ క్యాంపస్ పోటీ ఆ క్యాంపస్‌దే. యూసీలకైతే, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకైతే, ఈ హామీ వర్తించదు. యూసీ అర్వైన్‌లో క్రిమినాలజీ చదవాలనుకునేవాళ్ళు వేరే పట్టిక చూసుకోవాలి.

ట్రాన్స్‌ఫర్ డిగ్రీలో మేజర్ భాగం కనీసం 18 యూనిట్లు. రెండు కోర్సులు అందరూ తీసుకోవాల్సినవి: క్రిమినల్ జస్టిస్ పరిచయం, క్రిమినల్ లా మూల భావనలు. మిగతావి ఎంచుకునేవి: సాక్ష్యాల చట్టం, కోర్టు ప్రక్రియ, దర్యాప్తు, ఫోరెన్సిక్స్ పరిచయం, కరెక్షన్స్, బాలనేర విధానం లాంటివి. మేజర్ కోర్సుల్లో సీ తగ్గకూడదు. జనరల్ ఎడ్యుకేషన్‌కి 2025 ఫాల్ నుంచి కాల్-జెటెక్ అనే ఒకే నమూనా వచ్చింది. అంతకు ముందు చేరినవాళ్ళు పాత నమూనాలో కొనసాగవచ్చో లేదో కౌన్సిలర్‌తో రాతపూర్వకంగా తేల్చుకోండి. ఏ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి లెక్కవుతుందో అసిస్ట్ అనే వెబ్‌సైటులో ఉంటుంది. రిజిస్ట్రేషన్‌కి ముందు రోజు రాత్రి కాదు, మొదటి సెమిస్టర్‌లోనే చూడాలి.

ఏజే విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇంకొకచోట. పోలీసు అకాడమీ యూనిట్లు, పీసీ 832 అనే కోర్సు యూనిట్లు ట్రాన్స్‌క్రిప్ట్ మీద బోలెడు కనిపిస్తాయి. అవన్నీ 60లోకి వస్తాయనుకుంటారు. ట్రాన్స్‌ఫర్ డిగ్రీ మేజర్‌లో వాటికి చోటుండదు. పీసీ 832 అంటే అరెస్టు అధికారాల మీద 40 గంటలు, తుపాకీ మీద 24 గంటలు. ఆసక్తి ఉందో లేదో తెలుసుకోవడానికి మంచి కోర్సే. తుపాకీ భాగానికి ముందు రాష్ట్ర న్యాయ శాఖ నుంచి వేలిముద్రల క్లియరెన్స్ తెచ్చుకోవాలి, దానికి సమయం పడుతుంది. సెమిస్టర్ మొదలయ్యాక పరుగెత్తితే అందదు.

ఇక పోలీసు ఉద్యోగం. దీని మీద ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే అపోహలు ఎక్కువ ఇక్కడే.

కాలిఫోర్నియాలో పోలీసు ప్రమాణాలు నిర్ణయించేది పోస్ట్ అనే కమిషన్, 1959లో ఏర్పడింది. 2022 నుంచి కొత్తగా నియమితులయ్యే పోలీసు అధికారికి కనీస వయసు 21. అంతకు ముందు 18 ఉండేది. అంటే హైస్కూల్ అయిన పిల్లవాడికి మూడేళ్ళు చేతిలో ఉన్నాయి. ఈ మూడేళ్ళు వృథా అని కొందరు బాధపడతారు. నాకైతే ఇది వరం. ట్రాన్స్‌ఫర్ డిగ్రీ పూర్తి చేసుకోవడానికి, క్యాడెట్‌గా చేరి జీతం తీసుకుంటూ డిపార్ట్‌మెంట్ లోపల ఏం జరుగుతుందో చూడటానికి, పరుగు అలవాటు చేసుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. 14 ఏళ్ళ నుంచి ఎక్స్‌ప్లోరర్ కార్యక్రమాలుంటాయి, అవి జీతం లేని స్వచ్ఛంద సేవ.

చదువు అర్హత హైస్కూల్ డిప్లొమా లేదా దానికి సమానమైన పరీక్ష. ఇండియాలో ఇంటర్ చేసి వచ్చినవాళ్ళకు ఇక్కడో చిక్కుంది. ఆ సర్టిఫికెట్ ఇక్కడి నిర్వచనంలో సూటిగా ఇమడదు. అయితే గుర్తింపు పొందిన కాలేజీ నుంచి రెండేళ్ళ డిగ్రీ ఉంటే ఆ షరతు తీరిపోతుందని చట్టంలోనే ఉంది. అందుకని ఇంటర్ తర్వాత వచ్చిన పిల్లలకు అసోసియేట్ డిగ్రీ రెండు విధాల పనికొస్తుంది.

రాత పరీక్ష పేరు పెలెట్-బి. ఇందులో చట్టం గురించి ఒక్క ప్రశ్నా ఉండదు. రాయడం, చదవడం, తర్కం. స్కోరు టీ-స్కోరులో ఇస్తారు, సగటు 50. 42, అంతకు లోపు వచ్చినవాళ్ళు అకాడమీలో నెట్టుకురావడం కష్టమని పోస్ట్ మార్గదర్శకాలు. కటాఫ్ ఎంతన్నది డిపార్ట్‌మెంట్ ఇష్టం, చాలాచోట్ల 42 కంటే పైనే ఉంటుంది. మన పిల్లలు ఇబ్బందిపడేది క్లోజ్ అనే భాగంలో. ఒక పేరాలో ప్రతి ఏడో మాటా తీసేస్తారు, ఎన్ని అక్షరాల మాటో గీతలతో చూపిస్తారు. తీసేసినవి కష్టమైన మాటలేం కావు. ద, ఆఫ్, టు, విత్ లాంటివి. వొకాబులరీ పుస్తకాలు బట్టీ పట్టిన పిల్లవాడు మూడు గీతలున్నచోట చిన్న మాట పట్టలేక ఆగిపోతాడు. దీనికి అభ్యాసం ఒక్కటే: రోజూ ఒక పత్రికా వ్యాసం తీసుకుని, ప్రతి ఏడో మాట మీద తెల్లకాగితం ముక్క అంటించి, నింపుకుంటూ వెళ్ళండి. ఇంట్లో ఎవరైనా చేసి పెట్టొచ్చు.

శారీరక పరీక్షలో ఐదు అంశాలుంటాయి. 99 గజాల అడ్డంకుల పరుగు. 165 పౌండ్ల, అంటే దాదాపు 75 కిలోల బొమ్మని 32 అడుగులు లాగడం. ఆరడుగుల జాలీ కంచె ఎక్కి దూకి పరుగు. ఆరడుగుల చెక్క గోడ ఎక్కి దూకి పరుగు. చివర 500 గజాల పరుగు. అకాడమీ పూర్తయ్యేనాటికి మొత్తం కనీసం 384 పాయింట్లు రావాలి. మనవాళ్ళకు పరుగు బాగానే వస్తుంది, గోడ దగ్గర ఆగిపోతారు. చేతుల బలంతో మొత్తం శరీరాన్ని పైకి లాగాలని చూస్తారు, ఊపు చచ్చిపోతుంది. పరుగు ఊపుని ఆపకుండా ఒక కాలు గోడకి తన్నిపెట్టి, రెండు చేతులూ పై అంచుకి అందించి, ముందు మోచెయ్యి పైకి తేవాలి, తర్వాత కాలు. బొమ్మ లాగేటప్పుడు నడుము వంచితే వీపు పట్టేస్తుంది. చంకల కింద చేతులు పెట్టి, గుంజీలు తీసేటప్పుడు కూర్చున్నట్టు కూర్చుని లేచి, వెనక్కి చిన్న చిన్న అడుగులు వేయాలి. వారానికి మూడు రోజుల చొప్పున ఆరు నెలలు సాధన చేస్తే చాలామందికి సాధ్యమే. ఆడపిల్లలకూ ఇదే ప్రమాణం, వాళ్ళూ గెలుస్తున్నారు.

ఇప్పుడు అసలు గేటు. పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్ అనే దరఖాస్తు. పుస్తకమంత ఉంటుంది. ఏళ్ళ తరబడి ఉన్న ప్రతి ఇల్లూ, ప్రతి ఉద్యోగం, మానేసిన కారణం, కుటుంబ సభ్యులు, గదిలో కలిసి ఉన్న స్నేహితులు, ట్రాఫిక్ టికెట్లు, యాక్సిడెంట్లు, క్రెడిట్ కార్డు బాకీలు, మత్తుపదార్థాల వాడకం, అరెస్టులు. ఇన్వెస్టిగేటర్ ఒకరు మీ పొరుగువాళ్ళతో, పాత మేనేజర్లతో మాట్లాడతారు. కొన్ని డిపార్ట్‌మెంట్లు పాలిగ్రాఫ్ కూడా పెడతాయి. ఆ తర్వాత షరతులతో కూడిన ఆఫర్ ఇస్తారు. వైద్య పరీక్ష, మానసిక పరీక్ష ఆఫర్ వచ్చాకే, ముందు పెట్టడానికి చట్టం ఒప్పుకోదు.

దీంట్లో నేరం దొరికి పడిపోయేవాళ్ళు తక్కువ. దాచి పడిపోయేవాళ్ళు ఎక్కువ. పద్దెనిమిదేళ్ళప్పుడు చేసిన పొరపాటుని ఉన్నదున్నట్టు రాసిన పిల్లవాడి దరఖాస్తు ముందుకెళ్ళే అవకాశం ఉంది. "ఎప్పుడూ లేదు" అని రాసి తర్వాత బయటపడితే, ఆ సంస్థలోనే కాదు, ఇంకో సంస్థ అడిగినప్పుడు కూడా ఆ ఫైలు మాట్లాడుతుంది. మన పిల్లల విషయంలో తల్లిదండ్రులకు ఒక మనవి. "అది రాయకురా, పరువు పోతుంది" అని ఇంట్లో చెప్పకండి. స్టోర్‌లో చిన్న దొంగతనం చేస్తే పట్టుకుని వదిలేసిన సంఘటన, అన్నయ్య డీయూఐ (తాగి బండి నడిపిన కేసు), ఇవి దాస్తే పోతుంది, రాస్తే నిలబడొచ్చు. ఫెలనీ, అంటే పెద్ద నేరంలో శిక్ష పడి ఉంటే మాత్రం దారి మూసుకుపోయినట్టే. కుటుంబ హింస కేసులో మిస్‌డిమీనర్ (చిన్న నేరం) శిక్ష పడినా, 1996 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ పట్టుకోకూడదు, కాబట్టి పోలీసు ఉద్యోగం ఉండదు.

తెలుగు కుటుంబాల్లో తరచూ వచ్చే చిక్కు ఒకటుంది, పేరు. ఇండియా పాస్‌పోర్టులో ఇంటిపేరు ఖాళీ, మొత్తం పేరంతా ఒకచోట, వీసా మీద మొదటి పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ, అంటే మొదటి పేరు తెలియదని. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, డ్రైవింగ్ లైసెన్సులో వెనక. స్పెల్లింగులో ఒక "హెచ్" ఎక్కువో తక్కువో. ఇన్వెస్టిగేటర్‌కి ఇవి ముగ్గురు మనుషుల్లా కనిపిస్తాయి. చేయవలసిందేమిటంటే, 18 నిండగానే ఒక కాగితం మీద ఇప్పటిదాకా ఏ పత్రంలో ఏ పేరుందో పట్టిక రాసుకోండి, కారణం పక్కన రాయండి. ఉన్న ఇళ్ళ చిరునామాలు తేదీలతో ఒక ఫైల్‌లో పెట్టండి, హైదరాబాదులో తాతగారింట్లో ఉన్న ఆరు నెలలతో సహా. మధ్యలో నెల ఖాళీ ఉంటే, ఆ నెల ఎక్కడున్నారో అడుగుతారు. సరిపెట్టుకోవడానికి తేదీలు సాగదీసి రాయకండి. గుర్తులేకపోతే సుమారు అని రాయండి.

వీసా సంగతి ఇప్పుడు మాట్లాడాలి, వినడానికి కష్టంగా ఉన్నా సరే. 2023 జనవరి నుంచి కాలిఫోర్నియాలో పోలీసు కావడానికి పౌరసత్వం అక్కర్లేదు, ఫెడరల్ చట్టం ప్రకారం పని చేసే అనుమతి ఉంటే చాలు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు నిరభ్యంతరంగా దరఖాస్తు చేయొచ్చు. హెచ్-4 మీద, అంటే తల్లి లేదా తండ్రి హెచ్-1బి ఉద్యోగ వీసాతో వచ్చే కుటుంబ వీసా మీద ఉన్న పిల్లల పరిస్థితి వేరు. వాళ్ళకు పని అనుమతి లేదు. 21 నిండితే ఆ వీసా పోతుంది. పోలీసు కనీస వయసూ 21. రెండూ ఒకే పుట్టినరోజున వస్తాయి. పైగా తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది, కాబట్టి పీసీ 832 తుపాకీ భాగంలో లాయర్ని అడక్కుండా చేరొద్దు. హెచ్-4 పిల్లలు కాలిఫోర్నియా నివాసులుగా గుర్తింపు పొంది 46 డాలర్ల ఫీజుకి చదవగలరు, ఎఫ్-1 స్టూడెంట్ వీసా వాళ్ళకు ఆ వీలు లేదు. ఫెడరల్ ఆర్థిక సహాయం ఇద్దరికీ రాదు.

ఇంకో ముఖ్యమైన విషయం. గంజాయి రాష్ట్రంలో చట్టబద్ధమే అయినా ఫెడరల్ చట్టంలో నేరమే. పౌరులు కానివాళ్ళు వాడినట్టు ఒప్పుకుంటే గ్రీన్‌కార్డుకీ పౌరసత్వానికీ అడ్డు రావచ్చు. ఇందాక నిజం రాయమన్నాను, ఇప్పుడూ అదే అంటున్నాను. కాకపోతే పౌరులు కానివాళ్ళు ఆ దరఖాస్తు మొదలుపెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో కూర్చోండి. అబద్ధం రాయడం పరిష్కారం కాదు, దరఖాస్తు చేసే సమయం మార్చుకోవడం పరిష్కారం కావచ్చు.

అకాడమీ గురించి కొంచెం. కనీసం 664 గంటల శిక్షణ, చాలా అకాడమీలు అంతకు మించే నడుపుతాయి. రియో హోండో, గోల్డెన్ వెస్ట్, బ్యూట్, శాంటా రోజా లాంటి కమ్యూనిటీ కాలేజీలే వీటిని నిర్వహిస్తాయి. ఫుల్ టైమ్‌లో సుమారు ఆరు నెలలు. సాయంత్రాలు, వారాంతాల్లో నడిచే పద్ధతి ఉంది, దానికి ఏడాది దాకా పడుతుంది. డిపార్ట్‌మెంట్ ముందే తీసుకుని పంపితే జీతం వస్తుంది. సొంత ఖర్చుతో కూడా చేరొచ్చు, కానీ పూర్తయిన మూడేళ్ళలోపు ఉద్యోగంలో చేరకపోతే మళ్ళీ అర్హత నిరూపించుకోవాలి. నా అభిప్రాయం అడిగితే, బ్యాక్‌గ్రౌండ్‌లో ఎక్కడైనా సందేహం ఉన్నవాళ్ళు సొంత ఖర్చుతో వెళ్ళకూడదు. ఆరు నెలలూ డబ్బూ పెట్టాక గేటు దగ్గర ఆగిపోతారు.

అకాడమీలో ఎంతోమంది జారిపోయేది తుపాకీ దగ్గర కాదు, రిపోర్టు రాయడం దగ్గర. "అతను అనుమానాస్పదంగా ప్రవర్తించాడు" అని రాస్తారు. దానికి కోర్టులో విలువ లేదు. "రాత్రి 11:40కి దుకాణం వెనక తలుపు గొళ్ళెం మూడుసార్లు లాగి చూశాడు, నా కారు లైటు పడగానే చేతిలోని స్క్రూడ్రైవర్ చెత్తకుండీలో పడేశాడు" అని రాయాలి. చూసింది రాయాలి, అనుకున్నది తీసేయాలి. ఎవరు చూశారో, ఎవరు చెప్తే విన్నారో విడిగా ఉండాలి. డిఫెన్స్ లాయర్ మొదట వెతికేది ఇక్కడే. ఏజే సాక్ష్యాల క్లాసులో ఇది నేర్పుతారు, అది రాత్రిపూట నిద్రమొహంతో హాజరయ్యే క్లాసు కాదు.

పోలీసు ఒక్కటే కాదు కదా. మిగతావి కొంచెం త్వరగా చెప్తాను.

ఫోరెన్సిక్ ల్యాబ్ అంటే చాలామందికి మోజు. ఏజే డిగ్రీతో క్రైమ్ ల్యాబులోకి వెళ్ళలేరు. అక్కడ క్రిమినలిస్టుకి కెమిస్ట్రీ, బయాలజీ లాంటి సైన్సులో బ్యాచిలర్స్ కావాలి. డీఎన్‌ఏ విభాగానికైతే బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్, మాలిక్యులర్ బయాలజీ చదివుండాలి, స్టాటిస్టిక్స్ లేదా పాపులేషన్ జెనెటిక్స్ తోడవ్వాలి. ఇక్కడ లెక్క తప్పితే ఏడాది పోతుంది. కెమిస్ట్రీ ఒకదాని తర్వాత ఒకటిగా సాగే గొలుసు: జనరల్ కెమిస్ట్రీ రెండు సెమిస్టర్లు, ఆ తర్వాతే ఆర్గానిక్. మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టకపోతే రెండేళ్ళ కాలేజీ మూడేళ్ళవుతుంది. ఏజే ఫోరెన్సిక్స్ కోర్సు ఆసక్తికి తీసుకోండి, మేజర్ మాత్రం కెమిస్ట్రీ పెట్టుకోండి. పిల్లలకు సైన్సు ఇష్టమై పోలీసు కథలంటే కూడా ఇష్టమైతే ఇది చక్కటి దారి.

911 కాల్ తీసుకునే డిస్పాచర్‌కి బేసిక్ కోర్సు 120 గంటలు. వేరే రాత పరీక్ష ఉంటుంది. టైపింగ్ వేగం, ఒకే సమయంలో వినడం-రాయడం-మాట్లాడటం. ఒత్తిడి ఎక్కువ, రాత్రి షిఫ్టులు. బ్యాక్‌గ్రౌండ్ పరిశీలన ఇక్కడా ఉంటుంది. 21 నిండేదాకా ఆగకుండా డిపార్ట్‌మెంట్‌లోకి అడుగు పెట్టే దారుల్లో ఇదొకటి.

పారాలీగల్: లాయరు పర్యవేక్షణలో పనిచేసే ఉద్యోగం. కాలిఫోర్నియా చట్టంలోని దారుల్లో ఒకటి, అమెరికన్ బార్ అసోసియేషన్ ఆమోదించిన ప్రోగ్రామ్ సర్టిఫికెట్. మరొకటి, న్యాయ సంబంధమైన కోర్సులు కనీసం 24 సెమిస్టర్ యూనిట్లున్న ప్రోగ్రామ్. ఇండియాలో ఎల్‌ఎల్‌బీ చేసి వచ్చిన గృహిణులు కొందరు ఇది చదువుతున్నారు, సరిపోయే దారే. ప్రజలకు నేరుగా న్యాయ సలహా ఇవ్వకూడదు, అది గుర్తుంచుకోవాలి.

కోర్టు రిపోర్టర్‌కి షార్ట్‌హ్యాండ్ యంత్రం మీద నిమిషానికి 200 మాటలు, 97.5 శాతం తప్పుల్లేకుండా కొట్టగలగాలి. చేరినవాళ్ళలో ఎక్కువమంది వేగం దగ్గరే ఆగిపోతారు. రోజూ గంటల తరబడి సాధన చేయగలిగితేనే చేరండి.

కోర్టు ఇంటర్‌ప్రెటర్ సంగతి తెలుగువాళ్ళకు ముఖ్యం. కాలిఫోర్నియా కోర్టులు పంజాబీకి సర్టిఫికేషన్ పరీక్ష పెడతాయి, తెలుగుకి లేదు. తెలుగు వాళ్ళు రిజిస్టర్డ్ ఇంటర్‌ప్రెటర్ దారిలో వెళ్ళాలి: రాత పరీక్ష, ఇంగ్లీషు మాట పరీక్ష, వీలున్నచోట మాతృభాష మాట పరీక్ష. ఇంట్లో తెలుగు మాట్లాడతాం అనుకుంటే సరిపోదు. సాక్షి మాట్లాడుతుండగానే వెంటవెంటనే చెప్పగలగాలి, ఏదీ కలపకూడదు, వదలకూడదు. నెల్లూరు యాసలో చెప్పినా, కరీంనగర్ యాసలో చెప్పినా పట్టుకోవాలి.

గృహహింస బాధితులకు సహాయకులు: కాలిఫోర్నియాలో కౌన్సిలర్‌గా గుర్తింపు పొందడానికి 40 గంటల శిక్షణ. బే ఏరియాలో మైత్రి, నారిక లాంటి సంస్థలు 90ల నుంచీ దక్షిణాసియా మహిళల కోసం పనిచేస్తున్నాయి. పరాయి భాషలో తన ఇంటి గుట్టు చెప్పుకోలేని ఆడవాళ్ళ దగ్గర, తెలుగులో వినే మనిషి విలువ ఎంతో. ఏజే విద్యార్థులకు దీనికి మించిన ఇంటర్న్‌షిప్ లేదని నా గట్టి నమ్మకం.

ఎఫ్‌బీఐ: బ్యాచిలర్స్ డిగ్రీ, రెండేళ్ళ ఫుల్ టైమ్ ఉద్యోగానుభవం, వయసు 23 నుంచి 36 మధ్య, పౌరసత్వం తప్పనిసరి. అకౌంటింగ్, కంప్యూటర్ సైన్సు చదివినవాళ్ళు కూడా వెళ్ళొచ్చు. కాబట్టి కంప్యూటర్ సైన్సులో ఉన్న పిల్లలు మేజర్ మార్చుకుని ఏజేలోకి దూకనక్కర్లేదు.

ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: మా అబ్బాయికి పందొమ్మిది. డిగ్రీ మధ్యలో ఆపి సెక్యూరిటీ గార్డుగా చేరతానంటున్నాడు, అనుభవం వస్తుందని. చేరనివ్వమంటారా?

డిగ్రీ ఆపనక్కర్లేదమ్మా. గార్డ్ కార్డుకి, అంటే గార్డు లైసెన్సుకి, ముందు 8 గంటల శిక్షణ, ఉద్యోగంలో చేరిన 30 రోజుల్లో 16 గంటలు, ఆరు నెలల్లో మరో 16. మొత్తం 40. వారాంతాల్లో చేయొచ్చు. కానీ గార్డు అనుభవాన్ని డిపార్ట్‌మెంట్లు అంత పెద్దగా లెక్కలోకి తీసుకోవు. అదే సమయాన్ని క్యాడెట్ ఉద్యోగంలో పెడితే బ్యాక్‌గ్రౌండ్ ఫైల్ ఇప్పుడే తెరుచుకుంటుంది, ఏదైనా లోటుంటే 19లోనే తెలుస్తుంది.

ప్రశ్న: నేను సెమిస్టర్ మధ్యలో రెండు క్లాసులు వదిలేద్దామనుకుంటున్నాను. పెల్ గ్రాంట్ (ఫెడరల్ ప్రభుత్వ సాయం) వస్తోంది. నష్టం ఉందా?

ఉంది. రెండు రకాలుగా. సెమిస్టర్‌లో 60 శాతం పూర్తికాకముందు అన్ని క్లాసులూ వదిలేస్తే, వచ్చిన ఫెడరల్ సాయంలో కొంత వెనక్కి కట్టాల్సి రావచ్చు. రెండు మాత్రమే వదిలితే ఆ నియమం అలాగే వర్తించదు, కానీ నువ్వు తీసుకున్న యూనిట్లలో ఎన్ని పూర్తిచేశావో కాలేజీ లెక్క చూస్తుంది. చాలా కాలేజీల్లో హద్దు 67 శాతం, జీపీఏ 2.0. దాని కిందికి దిగితే వచ్చే సెమిస్టర్ గ్రాంటు ఆగుతుంది. పెల్ జీవితకాలంలో 12 సెమిస్టర్ల వరకే. అందుకని వదిలే ముందు ఆర్థిక సహాయ కార్యాలయానికి వెళ్ళు. ఏ తేదీలోపు వదిలితే ట్రాన్స్‌క్రిప్ట్ మీద డబ్ల్యూ (క్లాసు వదిలేసిన గుర్తు) పడదో, ఏ తేదీ తర్వాత పడుతుందో రాసి తెచ్చుకో. ఆ రెండు తేదీలూ ఒకే కాలేజీలో ఒక్కో క్లాసుకీ వేరేగా ఉండొచ్చు, పోర్టల్‌లో నీ క్లాసు పక్కనే రాసి ఉంటాయి.